ముక్కుకు ఎంగిలి లేదు

పాకాల జంక్షన్‌లో రైలు ఎప్పుడు వస్తుందన్నది తప్ప మిగిలిన సంగతులన్నీ తెలిసిన మనిషి శేషసాయి. అది ఆయన తప్పు కాదు. స్టేషన్‌లో విచారణ కిటికీ వెనక కూర్చుని ఆయన ఉద్యోగకాలమంతా గడిపాడు. తిరుపతి వైపు బండి ఎప్పుడని ఒకరు, కాట్పాడి వైపు బండి ఎందుకు రాలేదని ఇంకొకరు అడుగుతూ ఉండేవాళ్ళు. ఆయన పై నుంచి వచ్చిన జవాబును కిందికి చెబుతూ ఉండేవాడు. అన్నేళ్ళు ఇతరుల ప్రశ్నలు విన్న మనిషికి సొంత ప్రశ్నలు అడిగే తీరిక ఎక్కడిది? అవి లోపలే పేరుకుపోయాయి. పదవీ విరమణ సన్మానంలో కప్పిన శాలువా మడత పెట్టకముందే ఒక్కొక్కటీ బయటికి రావడం మొదలుపెట్టాయి.

నిన్న అంటుకోని దోసె ఇవాళ పెనానికి ఎందుకు అంటుకుంది? వీధికుక్క ఆటోను తరుముతుంది గాని ఎడ్లబండిని ఎందుకు తరమదు? భార్య సుందరవల్లి మొదట్లో జవాబులు చెప్పింది. తరువాత, "కుక్కనే అడగండి" అనడం నేర్చుకుంది.

ఈ ప్రశ్నల్లో ఒకటి మాత్రం ఏడాదికోసారి, ధనుర్మాసంలో, ఖచ్చితంగా తిరిగి వచ్చేది. ఈ జలుబు ఎక్కడినుంచి వస్తోంది?

అడగడానికి కారణం ఉంది. ఊళ్ళో పెరుమాళ్ గుడిలో ధనుర్మాసమంతా తెల్లవారకముందే తమిళ పాశురాలు చదువుతారు. చదివే బృందాన్ని గోష్ఠి అంటారు. శేషసాయి తండ్రి ఆ గోష్ఠిలో ఉండేవాడు, తాత ఉండేవాడు, ఇప్పుడు శేషసాయి ఉన్నాడు. రెండు వరుసలుగా, ఎదురెదురుగా, మోకాలికి మోకాలు తగిలేటంత దగ్గరగా కూర్చుంటారు. ఒక వరుస గొంతెత్తి ఒక పాదం చదివితే ఎదుటి వరుస తరువాతి పాదం అందుకుంటుంది. పాదంతో పాటు ఇంకేమి అందుకుంటున్నదో ఎవరూ ఆలోచించలేదు.

ఆలోచించకపోవడానికీ కారణం ఉంది. శుచి విషయంలో ఆ గోష్ఠికి వంక పెట్టడానికి లేదు. వాళ్ళు చెంబును పెదవికి తగలనివ్వరు, ఎత్తి గొంతులో పోసుకుంటారు. ఒకరు కొరికిన పండును ఇంకొకరు చూడను కూడా చూడరు. అన్నం తిన్న చేత్తో ఎవరైనా పొరపాటున తలుపు గడియ ముట్టుకుంటే చేయితో పాటు గడియకూ స్నానం చేయిస్తారు. ఎంగిలి అనే శాస్త్రంలో ఒక్కొక్కరూ మహామహోపాధ్యాయులే. అయినా ధనుర్మాసం సగానికి వచ్చేసరికి ఆ మహామహోపాధ్యాయులందరూ పాశురాలను ముక్కుతోనే చదివేవాళ్ళు.

ఇందుకు గోష్ఠిలో రకరకాల సిద్ధాంతాలు ఉండేవి. మంచు వల్ల అన్నారు కొందరు. చన్నీళ్ళ స్నానం వల్ల అన్నారు ఇంకొందరు. దద్ధోజనం చలవ చేసిందని ఒకాయన అన్నాడు గాని, దద్ధోజనం మానేయమని మాత్రం ఆయన కూడా అనలేదు. పోయిన ఏడాది శేషసాయి ఈ సిద్ధాంతాలను పరీక్షకు పెట్టాడు. వేన్నీళ్ళు పోసుకున్నాడు. చెవులకు మఫ్లర్ కట్టాడు. దద్ధోజనాన్ని, గుండె రాయి చేసుకుని, పక్కవాడికి ఇచ్చేశాడు. అనుకున్న రోజుకు అనుకున్నట్టే జలుబు వచ్చింది. పాకాల మీదుగా వేళకు వచ్చే వాహనం ఆ జలుబు ఒక్కటేనని ఆయన గమనించాడు.

అప్పటిదాకా ఇది కేవలం జ్ఞానతృష్ణ. ఈ ఏడాది సంగతి మారింది.

కూతురు శ్రీవేద మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. చాలా చిన్న పిల్ల. దోసిట్లో పట్టి ఇంకా చోటు మిగిలేటంత. తిరుపతి ఆసుపత్రిలో కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉంచి, ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది: "జలుబు ఉన్న మనిషి ఎవరైనా సరే పాప దగ్గరికి రాకూడదు. మీకు నాలుగు తుమ్ములతో పోయేది ఇంత చిన్న పిల్లకు ఊపిరి మీదికి రావచ్చు. ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ముద్దులు వద్దు."

పాప కొంచెం ఒళ్ళు చేసిన తరువాత, ధనుర్మాసం వెళ్ళాక మంచి రోజు చూసి పేరు పెడదామని అనుకున్నారు. శ్రీకరి అని పేరు కూడా ఖాయమైంది. వాళ్ళ ఇళ్ళలో బిడ్డను ఒడిలో పెట్టుకుని ఆ పేరును మొదట చెవిలో చెప్పేది ఇంటి పెద్ద. అంటే శేషసాయి. అప్పటిదాకా ఆయన మనవరాలిని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

"పేరు పెట్టే పొద్దుకు మీకు పడిశం ఉంటే నేనే చెబతా, ఇప్పుడే చెబతా ఉండాను" అంది సుందరవల్లి.

"నువ్వెట్ల చెబుతావు? ఇంటి పెద్ద నేను కదా."

"ముక్కు కారే పెద్దకంటే ముక్కు కారని చిన్న మేలు."

"అయితే గోష్ఠికి పోవద్దంటావా?"

"పోవద్దని నేను యాడన్నాను? పోండి. పోయి వట్టి చేతులతో రండి."

ఇదీ శేషసాయి ముందున్న సమస్య. గోష్ఠి మానకూడదు, జలుబు తేకూడదు. పడిశం పది రోగాల పెట్టు అన్న పెద్దలు దాన్ని ఎట్లా తప్పించుకోవాలో చెప్పకుండా వెళ్ళిపోయారు.

మొదటి రోజు ఆయన మాస్కు కట్టుకుని వెళ్ళాడు. కరోనా నాటి మాస్కులు ఇంట్లో చాలానే ఉన్నాయి. ఆ కాలంలో నేర్చుకున్న పాఠాలను ఊరంతా పెద్ద గంగాళాల మాదిరి తోమి అటక మీద బోర్లించింది. ఆయన మాత్రం ఒకటి దించుకున్నాడు. గోష్ఠికి పెద్ద దేవనాథన్ గారు, రిటైరైన సంస్కృత పండితులు, ఆయన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఏమప్పా శేషసాయీ, నోరు మూసుకొని పాశురం సదివే విద్య యాడ నేర్చినావు?"

"ఇంట్లో పసిబిడ్డ ఉండాది స్వామీ."

"బిడ్డ ఇంట్లో కదా ఉండేది. ఈడ మేమే కదా ఉండేది."

"అందుకే స్వామీ" అన్నాడు శేషసాయి. దేవనాథన్ గారికి అది వినయమో వ్యంగ్యమో తేలలేదు.

మాస్కు కట్టుకున్న మనిషికి మాట్లాడే అవకాశం తగ్గి చూసే అవకాశం పెరుగుతుంది. శేషసాయి చూడడం మొదలుపెట్టాడు. రెండు పాశురాల మధ్య విరామంలో దేవనాథన్ గారు రొండిన ఉన్న వెండి డబ్బీ తీశారు. అందులో నశ్యం, ముక్కుతో పీల్చే పొగాకు పొడి. ఆయన ఒక పట్టు తీసుకుని ముక్కు దగ్గర పెట్టి పీల్చి, డబ్బీని పక్కాయనకు అందించారు. ఆయన వేళ్ళు పెట్టి తీసి, పీల్చి, మిగిలిన పొడిని మళ్ళీ డబ్బీలోకే దులిపి, తరువాతి వారికి ఇచ్చాడు. డబ్బీ వరుస దాటి ఎదుటి వరుసకు వెళ్ళింది. వెనకనే తుమ్ములు వచ్చాయి. ఆ గోష్ఠిలో నశ్యం తుమ్ముకు గౌరవం ఉంది. తుమ్ము ఎంత పెద్దదైతే సరుకు అంత మంచిదని లెక్క. కాబట్టి ఎవరు తుమ్మినా, "బాగుండాది కదా" అని దేవనాథన్ గారు తృప్తిగా తల ఊపేవారు. నశ్యం తుమ్ముల గుంపులో నిజం జలుబు తుమ్ము ఒకటి కలిసిపోతే దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు. పెళ్ళిలో పిలవని అతిథి మాదిరి అది కూడా మర్యాదలు అందుకుంటోంది.

డబ్బీ శేషసాయి దగ్గరికి వచ్చింది. ఆయనా నశ్యం మనిషే. మాస్కు కిందికి లాగి, అలవాటు చొప్పున ఒక పట్టు పీల్చి, మాస్కు మళ్ళీ పైకి లాక్కున్నాడు. మధ్యలో ఏదో తప్పు జరిగినట్టు అనిపించింది గాని, అదేమిటో అప్పుడు తట్టలేదు.

తట్టించినది సున్నం. ధనుర్మాసానికి ముందు గుడికి కొత్తగా సున్నం వేశారు. నాలుగైదు రోజులు గడిచాక, ఒకనాడు తెల్లవారిన తరువాత, శేషసాయి తన పక్కనున్న స్తంభం మీద గోధుమరంగు వేలిముద్ర చూశాడు. నశ్యం రంగు. లేచి వెతికితే ఇంకో స్తంభం మీద ఇంకొకటి. గంట తాడు మీద. లైటు స్విచ్చు మీద. తీర్థం చెంబు మెడ మీద. ముక్కు నుంచి వచ్చిన వేలు గుడిలో ఎక్కడెక్కడ తిరిగిందో నశ్యం సంతకం చేసి మరీ చెబుతోంది. శేషసాయికి కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కిటికీ వెనక అన్నేళ్ళు కూర్చున్నా ఏ బండి ఏ స్టేషన్ దాటిందో ఇంత స్పష్టంగా ఆయనకు ఎప్పుడూ తెలియలేదు. జలుబుకు రంగు ఉండదు గాని, దాని పల్లకీకి రంగు ఉంది.

ఆ ఆనందంతోనే ఇంటికి వచ్చాడు. వాకిట్లో కాళ్ళు కడుక్కున్నాడు. మడమలు కూడా రుద్ది కడుక్కోవడం ఆ ఇంటి ఆచారం. లోపలికి వచ్చి హాల్లో తన చోట కూర్చున్నాడు.

ఆ చోటును సుందరవల్లి కేటాయించింది. గదిలో దూలానికి చీర ఉయ్యాల కట్టి ఉంది. దానికి ఒక పొడుగాటి తెల్ల నూలుతాడు కట్టి, గడప దాటించి హాల్లోకి తెచ్చింది. తాత గడప ఇవతల కూర్చుని తాడు లాగి మనవరాలిని ఊపవచ్చు. ఎత్తుకునే హక్కు లేని కాలంలో ఆయనకు దక్కినది ఆ తాడు ఒక్కటే. లాగుతూ ఆయన గదిలో ఉన్న కూతురికి స్తంభం, గంట తాడు, చెంబు, అన్నీ వర్ణించి చెప్పాడు.

"ఎవరెవరి వేళ్ళో పట్టుకున్నా శ్రీవేదా. దేవనాథన్ స్వామి వేలు లావు, కనిపెట్టేయొచ్చు. రెండో స్తంభం మీదిది ఆయనదే."

శ్రీవేద చాలాసేపు విన్నది. తరువాత మెల్లిగా అంది, "నాయనా, నీ చేతిలో తాడు సూడు."

శేషసాయి చూశాడు. తెల్ల నూలుతాడు మీద, ఆయన రోజూ పట్టుకునే చోట, ఒక జానెడు మేర గోధుమరంగు తిరిగి ఉంది. నిన్నటిదీ మొన్నటిదీ కలిపి.

"పాప ఏడిస్తే నేనూ ఆ తాడే పట్టుకొని లాగతా" అంది శ్రీవేద. "మళ్ళీ ఆ చేత్తోనే దాని మూతి తుడస్తా."

ఆయన తాడు వదిలేశాడు. వదలిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలోనే ఉంచాడు. సుందరవల్లి వంటింట్లో నుంచి వచ్చి తాడు చూసింది, ఆయన్ను చూసింది. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడం ఆ ఇంట్లో అరుదైన సంఘటన, అందుకే అది ఆయనకు గట్టిగా తగిలింది.

"కాళ్ళు కడుక్కున్నాను" అన్నాడు ఆయన, చిన్న గొంతుతో.

"కాళ్ళతో ఊపతా ఉంటే సరిపోయేది" అంది ఆమె. తాడు విప్పి తీసుకుపోయి వేడినీళ్ళలో వేసింది.

గోష్ఠిలో అప్పటికే ఇద్దరికి ముక్కులు కారుతున్నాయి. పాప పాలు తాగుతోందా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తోందా, ఒళ్ళు వెచ్చబడిందా అని ఆ ఇంట్లో ముగ్గురూ వంతులవారీగా చూశారు. ఆ రోజుల్లో శేషసాయి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాపకు ఏమీ కాలేదు. ఆయనకూ ఏమీ కాలేదు. ఈసారికి తప్పించుకున్నాం, అనుకున్నాడు. కాని గోష్ఠి ఇంకా మిగిలే ఉంది, డబ్బీ ఇంకా తిరుగుతూనే ఉంది.

మరుసటి రోజు గోష్ఠి విరామంలో డబ్బీ వచ్చినప్పుడు ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా, ఘాటు సాల్లేదా?" అన్నారు దేవనాథన్ గారు.

"ఘాటు కాదు స్వామీ. ఎంగిలి."

రెండు వరుసల తలలూ ఆయన వైపు తిరిగాయి. ఆ గోష్ఠిలో ఒకరిని దొంగ అన్నా క్షమిస్తారు. ఎంగిలి అన్నది మాత్రం చిన్న మాట కాదు.

"నా డబ్బీ ఎంగిలా?" దేవనాథన్ గారి గొంతు పండిత సభ స్థాయికి లేచింది. "నోటికి ఎంగిలి ఉండాది. నోటికి తగిలిన చేతికి ఉండాది. ముక్కుకు ఎంగిలి అని ఏ శాస్త్రంలో ఉండాది? సూపించప్పా, ఈ పొద్దే నశ్యం మానేస్తా."

"శాస్త్రం రాసిన మునులు నశ్యం పీల్చినారా స్వామీ?"

"ఛ. ఆ కాలంలో పొగాకు యాడిది? అది తెల్లోళ్ళు ఓడల్లో తెచ్చినారు."

"మరి లేని బండికి వాళ్ళు టైం ఎట్ల వేస్తారు స్వామీ?"

ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. శేషసాయి లేచి రెండో స్తంభం మీది గుర్తు చూపించాడు. గంట తాడు చూపించాడు. చివరికి, చూపించడం ఇష్టం లేకపోయినా, తన ఇంటి ఉయ్యాల తాడు గురించి చెప్పాడు. "మీదే కాదు స్వామీ. పసిబిడ్డ దాకా తీసుకుపోయింది నా వేలు."

దేవనాథన్ గారు డబ్బీని ఒడిలో పెట్టుకున్నారు. తన కుడిచేతి వేళ్ళను దీపం దగ్గర పెట్టి, పాత తాళపత్రం పరిశీలించినట్టు పరిశీలించారు. తరువాత డబ్బీ మూత పెట్టి తీర్పు చెప్పారు.

"ముక్కులోకి పోయిన వేలు తిరిగి డబ్బీలోకి పోతే అది ఎంగిలే. శాస్త్రం సెప్పనిది ఆచారం సెప్పాల. ఈ పొద్దు నుంచి సెప్తా ఉండాది."

ఆ తరువాత జరిగినది చూసి శేషసాయి ఆశ్చర్యపోయాడు. కరోనాలో సర్కారు మైకు పెట్టి అరిచినా, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగినా, చేతులు కడుక్కోవడం ఊరికి ఒక పని మాత్రమే అయింది. ఎంగిలి అన్న ఒక్క మాటతో అది పరువు అయిపోయింది. కొళాయి దగ్గర సబ్బు వచ్చింది. తుమ్ము వస్తే మోచేతి మడతలోకి తుమ్మాలని, అది కూడా ఎదుటి వరుస వైపు కాదని ఖాయమైంది. ముక్కు కారే ఇద్దరూ ఇళ్ళలో పడుకుని తగ్గిన తరువాతే వచ్చారు. వరుసల మధ్య జాగా పెరిగింది. నశ్యం మాత్రం ఎవరిది వారే కొనుక్కోవాలి అనేసరికి సగం మందికి ఆ అలవాటు దానంతట అదే పోయింది. శేషసాయి చేత సుందరవల్లి మానిపించింది. ఆ ఏడాది ధనుర్మాసం చివరి రోజు కూడా గోష్ఠి పాశురాలను గొంతుతోనే చదివింది. ఆ గొంతులు అంత బాగుండవని అప్పుడే అందరికీ తెలిసింది.

ధనుర్మాసం వెళ్ళింది. మంచి రోజు వచ్చింది. అల్లుడు కౌస్తుభ్ తిరుపతి నుంచి పూలు, పండ్లు తెచ్చాడు. పౌరోహిత్యానికి దేవనాథన్ గారు వచ్చి, అడగకుండానే మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కున్నారు. పీట వేశారు. పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాశారు. పట్టుపంచె కట్టుకుని, తలస్నానం చేసి, శేషసాయి పీట మీద కూర్చున్నాడు. పొద్దున లేచినప్పటి నుంచి గొంతులో ఏదో చిన్న గరగర. వేన్నీళ్ళు తాగితే పోతుందనుకున్నాడు. పోయిందనే అనుకున్నాడు.

శ్రీవేద బిడ్డను తెచ్చింది. పాప ఇప్పుడు రెండు చేతుల్లోనూ నిండుగా ఉంది. ఒడిలో పెట్టబోతుండగా శేషసాయి మొహం పక్కకు తిప్పి, మోచేతి మడతలోకి తుమ్మాడు.

అందరూ ఆగిపోయారు. శుభకార్యంలో ఒంటి తుమ్ము అపశకునం.

"ఒంటి తుమ్మేనా?" అన్నారు దేవనాథన్ గారు ఆందోళనగా. "ఇంకోటి రావాల. జంట తుమ్ముకు దోషం లేదు."

అందరూ శేషసాయి మొహంలోకి చూస్తూ ఎదురుచూశారు. ఇంకోటి వచ్చింది.

"సరిపాయ" అని దేవనాథన్ గారు ఊపిరి తీసుకున్నారు. శకునం కుదిరింది. జలుబు ఖాయమైందన్న సంగతి శేషసాయి ఒక్కడికే తెలుసు. ఎక్కడినుంచి వచ్చింది? చివరి రోజు ప్రసాదం పంచినప్పుడు వచ్చిన జనంలో నుంచా, చిత్తూరు బస్సులోనా, తాను చూడని ఏ గడియ మీదనుంచో? గుర్తు లేదు, రంగు లేదు.

దేవనాథన్ గారు ఆయన మొహం గమనించి దయగా అన్నారు, "దాచిపెట్టి ఒక పట్టు వేసినట్టుండాడు లే. నశ్యం తుమ్ము. బిడ్డను ఇయ్యమ్మా."

అందరూ నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. కౌస్తుభ్ నవ్వాడు. శ్రీవేద బిడ్డను ముందుకు చాచింది. సుందరవల్లి మాత్రం ఆయన వైపు చూస్తూ నిలబడింది. శేషసాయి బిడ్డను చూశాడు. చేతులు చాచలేదు.

"కాదు స్వామీ" అన్నాడు. "ఇది పడిశమే."

పీట మీద నుంచి లేచి, ఎవరినీ తాకకుండా గోడ పక్కగా నడిచి, వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. కౌస్తుభ్ వెనకనే వచ్చి ఒక మాస్కు అరుగు మీద పెట్టి వెళ్ళాడు. లోపల మంత్రాలు మొదలయ్యాయి. సుందరవల్లి పీట మీద కూర్చుంది. ఆమె చెవిలో చెప్పే పేరు వరండాకు వినిపించదని తెలిసినా ఆయన చెవి కిటికీ వైపు పెట్టే కూర్చున్నాడు.

కార్యం అయ్యాక ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది.

"చెప్పినా" అంది.

"విన్నాదా?"

"నిద్రపోతా ఉండాది."

"అయితే వినలేదు కదా."

"విననట్టే అనుకోండి. ముక్కు ఆరినాక ఎత్తుకొని మీరు ఇంకోసారి చెబుదురు."

శేషసాయి కొంచెంసేపు ఆలోచించాడు. తరువాత లోపల ఉన్న దేవనాథన్ గారికి వినబడేటట్టు గొంతు పెంచాడు.

"స్వామీ, ఒకసారి చెప్పిన పేరు రెండోసారి చెవిలో చెబితే తప్పా?"

"తప్పు లేదప్పా."

"తప్పు లేదంటారా, మంచిదంటారా?"

"ముందు ఆ మాస్కు కట్టుకోప్పా" అన్నారు లోపలినుంచి.

ఆయన కట్టుకున్నాడు. కట్టుకుని, ఇంకోసారి అడిగాడు.